ఆఖరున తెరిచే కన్ను

మా చెల్లెలి మొహం మీద మరిగే రంగునీళ్ళు కుమ్మరించినవాడు మూడు నెలలు తిరక్కుండానే బెయిలు మీద బయటికొచ్చి, ధర్మవరం బస్టాండులో కాలు మీద కాలేసుకుని టీ తాగుతుంటే నా రెండు కళ్ళతో చూశాను. వాడి పేరు మారుతి. పట్టునూలుకు రంగులేసే పని. మా రత్నాబాయి మొగుడు. వీడి దెబ్బలు పడలేక అది పుట్టింటికి వచ్చేసింది, ఇంక రానని కచ్చితంగా చెప్పింది. మిగిలిన తన బట్టలు తెచ్చుకుందామని పోయిన రోజున ఈ పని చేశాడు. "కాలుజారి కాగులో పడిందంటప్పా, పాపం" అని వాడి పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పుకుంటున్నారు. రంగు కాగు నడుమెత్తు ఉంటుంది. అందులో పడిన మనిషికి మొహం ఒక్కటే కాలి, చేతులు కాలకుండా ఉంటాయా? ఆ ముక్క అడిగే నాథుడు లేడు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా బొమ్మల కథ మొదలుపెట్టాను. పేరు 'కాగు'. ఫోన్లో చదువుకునే కథ, వారానికొక భాగం.

నా పేరు వన్నూరమ్మ. మాది తోలుబొమ్మలు కోసే ఇల్లు. మా నాయిన ఒకప్పుడు తెర వెనక బొమ్మలాడించాడు. ఆట చూసేవాళ్ళు తగ్గాక నేను మేకతోలు మీద దీపాల బుట్టలు కోసి అమ్ముతున్నాను. ఉలి చేతిలో ఉంటే నాకు ఎవరంటే భయం లేదు. అలాంటిదాన్ని, ఈ కథను దేంతో గీయాలో తెలియక నెలన్నర తల బద్దలు కొట్టుకున్నాను.

మొదట కాగితం మీద సిరాతో గీశాను. పెళ్ళిపత్రికలా ముద్దుగా వచ్చింది. చించేశాను. తర్వాత మా అత్త కూతురి దగ్గర టాబ్లెట్ అడుక్కొచ్చుకున్నాను. అందులో లక్ష రంగులున్నాయి, కాలిన చర్మం రంగు మాత్రం లేదు. కాలిన చర్మం ఎరుపని చాలామంది అనుకుంటారు. కాదు. అంచున వంకాయ రంగు, లోపలికి పోతే చీము పసుపు, నడుమ తెలుపు, ఆ తెలుపు మీద తడి. ఆస్పత్రి ఫొటోలే పెట్టి చూశాను. ఒక్కరు కూడా రెండో బొమ్మ దాకా రాలేదు, భయపడి పారిపోయారు. చివరికి మాకు తెలిసిన పనే నయమని మేకతోలు మీద బొమ్మలు కోసి, వెనక దీపం పెట్టి ఫొటోలు తీశాను. బాగానే ఉన్నాయి. కానీ మేకతోలు చచ్చిన తోలు. దెబ్బ వేస్తే చిల్లు పడుతుందే గానీ కమలదు. ఆ భాగాన్ని రెండు వందల మంది చూశారు. ఎవడో కింద 'క్యూట్' అని రాశాడు. మా చెల్లెలు మొహం పట్టుకుని నేల మీద దొర్లుతున్న బొమ్మ కింద! వాణ్ణి చెప్పు తీసుకుని కొట్టాలి.

రత్న అప్పుడు అనంతపురంలో ఉంది. కాలిన గాయాలకు చర్మం పెంచే ప్రయోగశాల ఒకటి పెట్టారక్కడ. దానికి పెద్ద డాక్టర్ మెహరున్నీసా. రత్నకు ఎడమ కంటి రెప్ప పూర్తిగా కాలిపోయింది. నిద్రలో కూడా ఆ కన్ను తెరిచే ఉంటుంది. గంటగంటకూ చుక్కల మందు పోయాలి. ఆషాఢం లోపల రెప్ప వేయకపోతే కన్ను ఎండిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నాకూ మా నాయినకూ ఉన్న దిగులంతా ఆ కన్నే.

డాక్టరమ్మ రత్న తొడ నుంచి గోరంత చర్మం తీసి పళ్ళెంలో పెంచింది. నెలకు అది అరిటాకు ముక్కంత అయింది, నరాలతో సహా. ఒకరోజు నన్ను ఆ పళ్ళెం దగ్గర నిలబెట్టి, దూదితో చర్మాన్ని మెల్లగా నిమిరింది. అద్దం అవతలి గదిలో మంచం మీద కూర్చున్న రత్న ఉలిక్కిపడింది.

"అక్కా! నా నుదుటి మీద ఎవురో దూది పెట్టినారు!"

డాక్టరమ్మ నవ్వింది. "చెవి వెనక వడ్లగింజంత పూస పెట్టినాం వన్నూరమ్మా. ఈ చర్మం మీద పడే స్పర్శంతా ఆ పూసకు పోతుంది. అతికించకముందే మెదడుకు పరిచయం కావాల. కొత్త కోడలు ఇంట్లోకి వచ్చినట్లు అనుకోండి. ముందునుంచీ మంచిగా చూసుకుంటే ఇమిడిపోతుంది."

"ఈ గదిలో ఉన్నంతసేపేనా మేడం?"

"కాదు, ఫోన్ సిగ్నల్ మీద నడుస్తుంది. రోగి ఏ ఊర్లో ఉన్నా సరే. ఒకే పళ్ళెంలో పెరిగిన చర్మం ఎన్ని ముక్కలు చేసినా ఆ పూసతోనే మాట్లాడుతుంది. ముక్కను ఒంట్లో ఏ భాగం ఆకారంలో కోస్తే, మెదడుకు ఆ స్పర్శ అక్కడే తెలుస్తుంది."

ఈ మాట నా చెవులతో విన్నాను. తర్వాత నేను చేసిందంతా ఈ మాట విన్నాకే చేశాను. అది మీరు గుర్తుపెట్టుకోండి.

రెప్ప ఆకారం కోయడం అక్కడి సర్జన్లకు చేతకాలేదు. తడి చర్మం కత్తి కింద సాగిపోతోంది. "మీ చేతికి అలవాటున్న పని కదా, మీరు కోసిస్తారా?" అని డాక్టరమ్మ అడిగింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. పళ్ళెం కింద ఐసు పెట్టారు. చల్లదనానికి నరాలు నిద్రపోతాయట, రత్నకు ఏమీ తెలియదట. మా నాయిన ఉలితో ముప్పావు గంటలో రెప్ప, బుగ్గ, నుదురు కోసి ఇచ్చాను. వాటికి మెదడు బాగా అలవాటుపడ్డాక, ఆరు వారాలకు ఆపరేషన్ అన్నారు. మిగిలిన అంచులు అరచేయంత ముక్కలు ఆరు.

"అవి ఐసు డబ్బాలో వేసెయ్యండి. రెండు రోజులకు నరాలు చచ్చిపోతాయి. ఆ తర్వాత కాల్చేస్తారు" అంది డాక్టరమ్మ.

ఆ ముక్కల్లో ఒకదాన్ని ఎత్తేటప్పుడు నా బొటనవేలు గట్టిగా నొక్కుకుంది. వేలు తీశాక చూస్తే అక్కడ వంకాయ రంగు మచ్చ, చుట్టూ మెల్లగా పసుపు పాకుతోంది. నెలన్నరగా నేను వెతుకుతున్న రంగు! పైగా తోలు ముక్క పారేయడం మా ఇంట్లో లేదు. పెద్ద బొమ్మకు పోగా మిగిలినది చెవిపోగుకో గాజుకో పనికొస్తుందని బుట్టలో దాచుకుంటాం. అంతా మన సొమ్మే కదా అన్నట్టు ఆ డబ్బాను సంచిలో వేసుకుని బస్సెక్కాను.

రెండు రోజులు ఆగాను. ఆ మాత్రం బుద్ధి ఉంది నాకు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు అట్టలా బిగిసిపోయి ఉన్నాయి. బిగిసిన తోలును మేం ఏం చేస్తాం? గోరువెచ్చటి నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి నానబెడతాం. మా తాత చేశాడు, మా నాయిన చేశాడు, చేతులు వాటంతట అవే చేసేస్తాయి. స్టీలు గిన్నెలో నానేశాను. అరగంటకు ముక్కలు మెత్తబడి, గులాబీ రంగుకు తిరిగాయి. చచ్చిన తోలు గులాబీ రంగుకు తిరగదు. చచ్చిన తోలు కమలదు. ఆ సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో ఎవరున్నారు? అయినా ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు.

పొద్దున పది నుంచి పన్నెండు దాకా కిటికీ వెలుతురు బాగుంటుంది. అప్పుడే గీసేదాన్ని. బొటనవేలితో నొక్కితే నీడలు వచ్చేవి. గోటితో గీరితే సన్నటి ఎర్రగీత. ఉలి మడమతో దంచితే మారుతి జబ్బ, వాడి పిడికిలి. కాగులోంచి లేచే ఆవిరికి చెంచాను స్టవ్ మీద కాల్చి ఆనించేదాన్ని. సుయ్ మని పొంగి, బొబ్బ లేచి, తెల్లబడేది. ఫొటో తీసి ఫోన్లో పెట్టేదాన్ని. రెండు రోజులకు ముక్క తనంతట తానే మానిపోయి, తుడిచిన పలకలా మళ్ళీ సిద్ధంగా ఉండేది.

'కాగు' రెండో భాగాన్ని లక్షా పదివేల మంది చూశారు. ఈసారి ఎవడూ క్యూట్ అని రాయలేదు. "ఇది ఏ రంగుతో వేశారు?" అని అడిగారు. "మూడో బొమ్మ దగ్గర నా మొహం పట్టుకున్నాను" అని ఒకామె రాసింది. నాలుగో భాగం వచ్చాక, మారుతితో పాటు కాగు దగ్గర పనిచేసే ముసలాయన ఒకడు తనే స్టేషనుకు పోయి, "నా ఎదురుగానే పోసినాడు సార్. మగ్గుతో ముంచి పోసినాడు" అని చెప్పాడు. మారుతి బెయిలు రద్దయింది. వాణ్ణి మళ్ళీ తీసుకుపోతుంటే నేను వీధిలో నిలబడి చూశాను. ఆ రోజు నా అంత సంతోషంగా ఉన్న మనిషి ధర్మవరంలో లేదు.

అనంతపురంలో మాత్రం రత్నకు ఫిట్స్ లాంటివి మొదలయ్యాయి. ఉన్నట్టుండి మంచం మీంచి లేచి గోడకు కొట్టుకునేది. నర్సులు ఇద్దరు పట్టుకున్నా ఆగేది కాదు. ఒకరోజు నాలుక కొరుక్కుని నోరంతా నెత్తురు చేసుకుంది. పళ్ళెంలో చర్మాన్ని రోజూ దూదితోనే నిమురుతున్నారు, అందులో ఏ లోపమూ లేదు. జరిగింది మరిచిపోలేక మెదడు పాత నొప్పినే తిరగదోడుతోందని డాక్టరమ్మ అనుకుంది.

"అక్కా, ఎవురో నన్ను కొడతాండారు" అని ఫోన్లో ఏడ్చేది. "దంచతాండారు అక్కా. వాడు ఒగసారి పోసినాడు. ఇప్పుడు దినామూ పోస్తాండారు."

"వాడు జైల్లో ఉండాడు గదమే. అది కల. గమ్మున పండుకో. ఆపరేషన్ అయిపోతే అన్నీ తగ్గిపోతాయి."

"మెలుకువలో కల ఎట్లొస్తాదక్కా?"

మంచం కాళ్ళ దగ్గర చార్టు వేలాడదీసి ఉండేది. ఫిట్స్ వచ్చిన వేళలు నర్సు అందులో రాసేది. పది గంటల పది. పదకొండు. పదకొండు నలభై. అన్నీ అలాంటివే. చూశాను. కట్లు మార్చే వేళ కాబట్టి అప్పుడే వస్తుంటాయి అనుకున్నాను. అనుకున్నానంటే, అలా అనుకోవాలని గట్టిగా పట్టుబట్టాను. మరుసటి రోజు గీయకుండా ఉండి చూసి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. కానీ ఆదివారానికి భాగం పెట్టాలి, జనం అడుగుతున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నా జుట్టు నేనే పీక్కోవాలనిపిస్తుంది.

ఆఖరి భాగంలో ఒక్కటే పెద్ద బొమ్మ. కాలకముందు రత్న మొహం. మెడ మీదుగా మల్లెదండ. మా ఇంటి దండ వరస ఒకటుంది. మూడు చుక్కలు, మధ్యలో ఒక ఆకు, మళ్ళీ మూడు చుక్కలు. ఆ వరస మూడుసార్లు, సన్న ఉలితో మొత్తం ఇరవై ఒక్క పోట్లు. సోమవారం దండ పూర్తిచేశాను. కళ్ళు మిగిలాయి. మా ఇంట్లో బొమ్మను ఎవరు కోసినా కళ్ళు తెరిచేది మాత్రం ఇంటి పెద్ద. అదీ ఆఖరున, స్నానం చేసి, దీపం పెట్టి. కళ్ళు తెరిస్తేనే బొమ్మకు ప్రాణం. మంగళవారం పొద్దున్నే రత్నను చూడడానికి బయల్దేరుతూ మా నాయినకు చెప్పాను.

"నాయినా, బల్ల మీద మన రత్న బొమ్మ ఉండాది. కండ్లు తెరుచు. ఇదే ఆఖరుది."

"ఇదేం తోల్మే? ఇంత మెత్తగుండాది?"

"ఆస్పత్రిది లే. నానబెట్టినా. నువ్వు తెరుచు."

గురువారం ఆపరేషన్. నేను పోయేసరికి రత్న మంచం మీద మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుని ఉంది. కట్టు లేని ఆ ఎడమ కన్ను, రెప్ప లేని కన్ను, గుడ్లగూబ కన్నులా నన్నే చూస్తోంది. అరటిపండు ఒలిచి ఇస్తే వద్దంది.

"నిన్న ఇంగోరకంగా చేసినారక్కా" అంది మెల్లగా.

"ఎవరే?"

"తెలీదు. మెడ కింద. నీ చెయ్యి ఇట్ల తే."

నా అరచేయి తన ఒళ్ళో పెట్టుకుని, చూపుడువేలి గోటితో పొడవడం మొదలుపెట్టింది. మూడు పోట్లు. ఆగి, వంకరగా ఒక ఆకు. మళ్ళీ మూడు పోట్లు. చిన్నప్పుడు మేమిద్దరం తెర వెనక పడుకుని ఒకరి వీపు మీద ఒకరం వేలితో బొమ్మలు గీసి ఏమిటో చెప్పమనేవాళ్ళం. అచ్చం అలాగే గీసింది.

"నాయిన కోసే మల్లెదండ మాదిరి లేదూ?" అంది. "ఎగురుకుంటా లెక్కపెట్టినా. ఇరవై ఒగటి."

గోడ గడియారం చూశాను. పదకొండుకు అయిదు నిమిషాలు. మా నాయిన స్నానం చేసి దీపం పెట్టే వేళ. ఫోన్ తీసి ఇంటికి చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. దీపం ముందు కూర్చుంటే ఆయన ఫోన్ ముట్టుకోడు. మళ్ళీ చేశాను. "ఎత్తు నాయినా, ఎత్తు, నీ కాళ్ళు మొక్కుతా" అని అరుస్తున్నాను. రత్న బిత్తరపోయి చూస్తోంది.

"ఏందక్కా? ఎవురికి చేస్తాండావు?"

అప్పుడు పడింది మొదటి పోటు.

అది అరుపు కాదు. మేకను కోసేటప్పుడు కూడా అలాంటి శబ్దం నేను వినలేదు. విల్లులా వెనక్కి వంగి, "కన్ను! నా కన్ను!" అంటూ రెండు చేతులూ మొహానికి పోనిచ్చింది. నేను మీద పడి చేతులు పట్టుకున్నాను. ఒక చెయ్యి దొరికింది. రెండోది దొరకలేదు. మా నాయిన చెయ్యి ఎలా ఆడుతుందో నాకు తెలుసు. కంటికి తొమ్మిది పోట్లు. నల్లగుడ్డుకు నాలుగు, చుట్టూ అయిదు. ఒక్కో పోటుకూ రత్న ఒళ్ళు మంచం మీంచి ఎగిరిపడుతోంది. దాన్ని పొడుస్తున్నది ఆ కంట్లోనే ఉందనుకుని, పీకేయాలని, రెప్ప లేని కంట్లోకి గోళ్ళు దించేసుకుంది. నా మొహం మీద వెచ్చగా చిమ్మింది. నర్సులు పరుగెత్తుకొచ్చి సూది వేసేసరికి అంతా అయిపోయింది.

డాక్టరమ్మకు అక్కడే, ఆ నెత్తురు మొహంతోనే, అంతా చెప్పేశాను. ఆవిడ నా చేతుల వైపు చూసింది.

"తోలు కోసే చేతులు మీవి. అది బతికుండాదో సచ్చిందో మీకు తెలీలేదా?"

"మా ఇంటికొచ్చే తోలు ఎప్పుడూ సచ్చే వస్తాది మేడం" అన్నాను. ఆవిడ నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

ఎడమ కన్ను తీసేశారు. రెప్ప ఇంక ఎవరికోసం? బుగ్గకు, నుదుటికి వేయాల్సిన చర్మం కూడా వేయలేకపోయారు. ఆరు వారాలు దెబ్బలతో పరిచయమైన చర్మాన్ని మెదడు రానివ్వలేదు. దూది ఆనించినా రత్న కేకలు పెట్టేది. మళ్ళీ మొదటి నుంచి పెంచాలి, ఎనిమిది నెలలు. మా నాయినకు సంగతి చెప్పాను. ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసి, చేతులు కడుక్కుని, గడప మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన అన్నం కూడా కలుపుకుని తినలేకపోయాడు. నేనే కలిపి పెట్టేదాన్ని.

రత్న రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాట ఇది:

"నీది ఒగటి పెంచమను."

అర్థమైంది నాకు. డాక్టరమ్మ మొదట ససేమిరా అంది. కానీ నొప్పి ఒక హద్దు దాటగానే పూస తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఒకటి చేస్తోంది, మళ్ళీ ఎవరికీ ఇలా జరగకూడదని. ఆ హద్దు ఎక్కడో చెప్పడానికి నొప్పి పడే మనిషి కావాలి. అంతకుముందు ఎవరూ ముందుకు రాలేదు. నేను సంతకం పెట్టాను. నా తొడ నుంచి గోరంత తీశారు. నా చెవి వెనక పూస పెట్టారు.

ఈసారి బొమ్మ ప్రయోగశాలలోనే, డాక్టరమ్మ పక్కనుండగా గీశాను. ఆఖరి బొమ్మే. రత్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. బొటనవేలితో నీడలు వేశాను, పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. చెంచా ఆనించినప్పుడు ఉచ్చ పోసుకున్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. దండ మొదలుపెట్టాను. మూడో పోటుకు ఉలి చేతిలోంచి జారిపోయింది. నా వల్ల కాదు అన్నట్టు రత్న వైపు చూశాను.

"ఇంగా పద్దెనిమిది ఉండాయి" అంది రత్న.

పద్దెనిమిదీ వేశాను. డాక్టరమ్మ మధ్యలో రెండుసార్లు ఆపబోయింది, నేనే వద్దన్నాను. దాని చేత ఆరు వారాలు నేను మోయించిందాంట్లో ఇది ఒక్క పూట.

కళ్ళు మిగిలాయి. తెరవాల్సిన పెద్ద ఇంట్లో గడప మీద కూర్చుని ఉన్నాడు, ఆయన రాడు. రత్న లేచి వచ్చి నా చేతిలోంచి ఉలి తీసుకుంది. బొమ్మ కుడికన్ను మీద మొన ఆనించింది. ఆ చల్లదనం నాకు నా కంటి మీదే తెలిసింది. "పొడు" అన్నాను. పొడిచింది. తొమ్మిది పోట్లు, ఒక్కటి తగ్గించలేదు. నేను నేల మీద పడి దొర్లాను, చేతులు వెనక్కి విరిచి పట్టుకోమని నర్సులకు ముందే చెప్పి ఉన్నాను కాబట్టి నా కన్ను నాకు మిగిలింది.

మొన ఎడమ కంటి మీదికి వచ్చింది. ఎదురుచూశాను. ఎంతసేపటికీ పోటు పడలేదు. తలెత్తి చూస్తే రత్న ఉలిని బల్ల మీద పెట్టేసి, పైటచెంగుతో తన ఒంటికన్ను తుడుచుకుంటోంది.

"ఇది ఇట్లే ఉండనీ అక్కా" అంది. "నాకు ల్యాదు గదా."

బొమ్మను అలాగే ఫొటో తీసి పెట్టాను. దాని కింద, ఏం జరిగిందో ఇక్కడ మీకు చెప్పినట్టే అంతా రాశాను. చాలామంది తిట్టారు, తిట్టాల్సిందే. ఒకతను మాత్రం నేను రాసిందేదీ చదవకుండా బొమ్మ ఒక్కటే చూసినట్టున్నాడు. 'రెండో కన్ను మరిచిపోయారు' అని రాశాడు. రత్నకు చదివి వినిపించి, ఏం రాయమంటావే అని అడిగాను. అది చెప్పిందే రాశాను.

మరిచిపోలేదు.